పెట్టే చేతికి తీయడమూ రావాలి: వైద్య ఆరోగ్య శాఖలకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల ఉన్నతాధికారులకు, కుటుంబ సంక్షేమ విభాగాల బాధ్యులకు,

నమస్కారం. నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న ప్రసూతి వైద్యురాలిని. 20 ఏళ్లు నిండని అమ్మాయిలకు మనం ఇస్తున్న, ముందు ముందు ఇవ్వబోతున్న దీర్ఘకాల గర్భనిరోధక పద్ధతుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. గర్భసంచిలో పెట్టే కాపర్ టి, మూడు నెలలకోసారి వేసే 'అంతర' ఇంజెక్షన్, మోచేతికి పైన చర్మం కింద పెట్టే ఇంప్లాంట్. ఈ మూడూ చిన్న వయసు వాళ్లకూ పనికొస్తాయి. అవసరమైన ప్రతి అమ్మాయికీ అందాలన్నదే నా కోరిక. అయితే వాటిని ఏ గదిలో ఇస్తున్నాం, ఎవరి మాట మీద ఇస్తున్నాం, ఆ అమ్మాయి వద్దనుకున్న రోజు ఎవరు తీస్తారు అనేవి తేల్చకుండా జిల్లాలకు టార్గెట్లు మాత్రం పంపితే, మంచి పద్ధతే చెడ్డపేరు తెచ్చుకుంటుంది. ఆ బాధ పడేది మాత్రం పిల్లలు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కలు మీకు తెలిసినవే. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 19 ఏళ్ల అమ్మాయిల్లో 12.6 శాతం మంది అప్పటికే తల్లులో గర్భవతులో అయ్యారు. దేశం మొత్తం మీద అది 6.8 శాతం, తెలంగాణలో 5.8. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల ఆడవాళ్లలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రలో 29.3 శాతం, తెలంగాణలో 23.5. అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. ఆంధ్రలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. కాపర్ టి, మాత్రలు, ఇంజెక్షన్లు, కండోమ్‌లు అన్నీ కలిపినా ఒకటి రెండు శాతమే.

ఈ రెండు లెక్కలూ కలిపి చదివితే మా ఓపీకి వచ్చే అమ్మాయి బతుకంతా అందులో ఉంటుంది. పదహారో పదిహేడో ఏట పెళ్లి. ఏడాది తిరక్కుండా కాన్పు. మొదటి బిడ్డ పాలు మానకముందే మళ్లీ నెల తప్పడం. రెండో కాన్పు కాగానే ఆపరేషన్. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే ఆమె కథ ముగిసిందని ఇంట్లోవాళ్లూ అనుకుంటారు, మనమూ అనుకుంటాం. బిడ్డకీ బిడ్డకీ మధ్య ఎడం ఇచ్చే పద్ధతి ఒక్కటీ ఆమె దాకా చేరలేదు. పదిహేడేళ్ల తల్లికి గుర్రపువాతం (బీపీ పెరిగి ఫిట్స్ రావడం), రక్తహీనత, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు బిడ్డ వంటి ప్రమాదాలు పెద్దవాళ్ల కంటే ఎక్కువ. కాన్పు తర్వాత కనీసం రెండేళ్లు ఆగితేనే మళ్లీ గర్భం మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ రెండేళ్లూ రోజూ గుర్తుపెట్టుకుని మాత్ర వేసుకోమంటే, తన మాత్రలు దాచుకోవడానికి సొంత అలమర కూడా లేని ఇంట్లో ఆ అమ్మాయి ఏం చేయగలదు? అందుకే దీర్ఘకాల పద్ధతులు ఆమెకు నిజంగా అవసరం.

అవి చిన్న వయసులో పనిచేస్తాయా అనే అనుమానం ఇంకా చాలామంది తోటి డాక్టర్లలో ఉంది. బిడ్డ పుట్టని అమ్మాయికి కాపర్ టి పెట్టకూడదని ఇప్పటికీ అంటుంటారు. అలాంటి నిషేధం ఏ మార్గదర్శకాల్లోనూ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్కో పద్ధతికీ ఒకటి నుంచి నాలుగు దాకా అంకె ఇస్తుంది. ఒకటి అంటే ఏ అభ్యంతరమూ లేదు, రెండు అంటే నష్టం కంటే లాభం ఎక్కువ, మూడు అంటే లాభం కంటే నష్టం ఎక్కువ, నాలుగు అంటే ఇవ్వనే కూడదు. పద్దెనిమిది లోపు వాళ్లకు ఇంప్లాంట్‌కి ఒకటి, ఇంజెక్షన్‌కి రెండు. ఇరవై లోపు వాళ్లకు కాపర్ టికి రెండు. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో 2007లో మొదలైన చాయిస్ ప్రాజెక్టులో 15-19 ఏళ్ల అమ్మాయిలకు అన్ని పద్ధతులూ వివరించి, ఖర్చు లేకుండా ఇస్తే, 72 శాతం మంది కాపర్ టి తరహావో ఇంప్లాంటో కోరుకున్నారు. ప్రాజెక్టులో చేరిన ఆ వయసు అమ్మాయిలందరిలో ఏడాదికి వెయ్యికి 34 మంది గర్భవతులయ్యారు. లైంగిక జీవితం మొదలైన ఆ దేశపు అమ్మాయిలందరినీ తీసుకుంటే ఆ సంఖ్య 158. ఈ ఫలితాన్ని మన సమావేశాల్లో తరచూ చూపిస్తారు. అయితే ఆ అమ్మాయిలకు అన్నీ వివరించారు, వాళ్లే ఎంచుకున్నారు, నచ్చకపోతే మార్చుకునే వీలూ ఇచ్చారు. ఫలితంతో పాటు ఈ సగాన్ని కూడా చూపించాలి.

ఇప్పుడు మన లేబర్ రూమ్‌కి వస్తాను.

మాయ పడిన పది నిమిషాల్లో గానీ, 48 గంటల లోపు గానీ కాపర్ టి పెట్టడం మంచి పద్ధతే. 48 గంటలు దాటితే మళ్లీ నాలుగు వారాలు ఆగాలి. ఆసుపత్రికి మళ్లీ రాగలదో లేదో తెలియని అమ్మాయికి ఇది చేతికందిన అవకాశం. దాని గురించి గర్భిణీ పరీక్షలకు వచ్చినప్పుడే మాట్లాడాలని, నొప్పులు ఉధృతంగా ఉన్నప్పుడు ఒప్పించే పని పెట్టుకోకూడదని జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. కానీ జరిగేదేమిటి? గర్భసంచి ముఖద్వారం ఎనిమిది సెంటీమీటర్లు తెరుచుకుని కేకలు పెడుతున్న పిల్లను "కాపర్ టి పెడతాం, సరేనామ్మా?" అని అడుగుతారు. ఆ క్షణాన ఆమె దేనికైనా సరే అంటుంది. కొన్నిసార్లు అదీ అడగరు. బయట బెంచీ మీద కూర్చున్న అత్తగారి చేత వేలిముద్ర వేయిస్తారు. నెలల తర్వాత కడుపు నొప్పితోనో, ఆగని బ్లీడింగ్‌తోనో స్కానింగ్‌కి వస్తే తప్ప తన గర్భసంచిలో కాపర్ టి ఉందన్న సంగతి తెలియని అమ్మాయిలను నేను చూశాను. "నాకెవరూ చెప్పలేదు మేడమ్" అన్న మాట వినని ప్రసూతి వైద్యులు మన రెండు రాష్ట్రాల్లో ఉంటారని నేను అనుకోను.

కాన్పు తర్వాత పెట్టిన ప్రతి కాపర్ టికీ పెట్టినవాళ్లకు 150 రూపాయలు, వెంట తెచ్చిన ఆశాకు 150 రూపాయలు ఇస్తున్నాం. ఆశా కార్యకర్తలకు ఆ డబ్బు దక్కకూడదని నేను అనడం లేదు, వాళ్ల కష్టానికి అది చాలా తక్కువ. కానీ ఏడో నెలలో కూర్చోబెట్టి అరగంట మాట్లాడిన నర్సమ్మకు ఏ గుర్తింపూ లేదు. ఆరు నెలలకు తీయమని వచ్చిన అమ్మాయికి మర్యాదగా తీసి పంపిన డాక్టరుకూ లేదు. పైగా నెలవారీ సమీక్షలో తీసినవన్నీ వైఫల్యంగా లెక్కపడతాయి. జనం దేనికి లెక్క చెప్పాలో దాన్నే చేస్తారు.

భద్రత అంటే వైద్యపరంగా చూడాల్సినవీ ఉన్నాయి. పెద్దవాళ్ల విషయంలో చిన్నవిగా అనిపించేవి ఈ వయసులో పెద్దవి అవుతాయి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

కాపర్ టి పెట్టిన మొదటి మూడు నుంచి ఆరు నెలలు నెలసరి ఎక్కువగా, నొప్పిగా వస్తుంది. మన అమ్మాయిల్లో 15-19 ఏళ్లవాళ్లు పదిమందిలో ఆరుగురు రక్తహీనతతో ఉన్నారు. హిమోగ్లోబిన్ ఎనిమిది ఉన్న పిల్లకు కాపర్ టి పెట్టి, ఐరన్ మాత్రలు రాయకుండా, మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పకుండా పంపితే మనం ఆమెకు మేలు చేసినట్టు కాదు. చిన్న వయసులోనూ, కాన్పు అయిన వెంటనే పెట్టినప్పుడూ అది జారిపోయే అవకాశం కూడా ఎక్కువ. జారిపోయిందని తెలియక, ఉందన్న నమ్మకంతో మళ్లీ గర్భం దాల్చినవాళ్లు ఉన్నారు. ఆరు వారాలకు ఒకసారి చూడటం, కాపర్ టికి ఉండే దారం ఎలా ఉంటుందో చెప్పడం తప్పనిసరి.

'అంతర' ఇంజెక్షన్ 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఉంది. ఎవరికీ తెలియకుండా వేయించుకోవచ్చు. ఇంట్లో ఒప్పుకోని అమ్మాయికి అది ఎంత పెద్ద ఊరటో నాకు తెలుసు. కానీ ఒకసారి వేశాక వెనక్కి తీసుకోలేం. బ్లీడింగ్ క్రమం తప్పినా, బరువు పెరిగినా, మనసు బాగోకపోయినా మూడు నెలలు ఆగాల్సిందే. వాడుతున్నంత కాలం ఎముకల్లో గట్టితనం కొంత తగ్గుతుంది, ఆపేశాక చాలావరకు తిరిగి వస్తుంది. ఎముక ఇంకా పెరుగుతున్న వయసు కాబట్టే పద్దెనిమిది లోపు వాళ్లకు అంకె ఒకటి కాకుండా రెండు అయింది. అంటే ఇవ్వొద్దని కాదు, ఆలోచించి ఇవ్వమని, ఏళ్ల తరబడి అదే కొనసాగించే ముందు మళ్లీ మాట్లాడమని. పాలిచ్చే తల్లికి ఆరు వారాలు నిండేదాకా వేయకూడదు. ఇంకొకటి కచ్చితంగా చెప్పాలి: ఇంజెక్షన్ ఆపాక గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం అవుతుంది. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోతే, ఆరు నెలలకే "గొడ్రాలిని చేశారు" అని అత్తింట్లో ఆ అమ్మాయికి నరకం చూపిస్తారు. నెలసరి ఆగిపోయినప్పుడూ అంతే. "చెడు రక్తం లోపలే ఉండిపోతుంది" అనే భయం మన ఊళ్లలో బలంగా ఉంది. దాన్ని కొట్టిపారేయకుండా, లోపల పొర పెరగదు కాబట్టి రావడానికి ఏమీ లేదని ఓపికగా చెప్పాలి.

ఇంప్లాంట్ మన ప్రభుత్వ కార్యక్రమంలోకి 2023లో కొన్ని రాష్ట్రాల ఎంపిక చేసిన జిల్లాల్లో వచ్చింది. అగ్గిపుల్లంత కడ్డీ, మూడేళ్లు పనిచేస్తుంది, ఉన్న పద్ధతులన్నింటిలో విఫలమయ్యేది అతి తక్కువ. లోపలి పరీక్ష అక్కర్లేదు, ఇది చిన్నపిల్లలకు ఎంత ముఖ్యమో ఆడ డాక్టర్లకు చెప్పనక్కర్లేదు. కానీ టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నా, మూర్ఛకు ఫినైటాయిన్, కార్బమజిపైన్ వంటివి వాడుతున్నా దాని బలం తగ్గుతుంది. అడగకుండా పెట్టేస్తే గర్భం వచ్చాక గానీ తెలియదు. బ్లీడింగ్ ఎప్పుడు వస్తుందో, ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేం. ఎక్కువమంది దాన్ని తీయించుకునేది ఈ కారణంతోనే. పెట్టగానే డాక్టరుతో పాటు ఆ అమ్మాయి కూడా తన వేలితో తడిమి అది అక్కడే ఉందని తెలుసుకోవాలి. లోతుగా పోయిన కడ్డీని తీయడం అందరి వల్లా అయ్యే పని కాదు.

ఇక్కడే నా ప్రధానమైన అభ్యర్థన. పెట్టడంలో శిక్షణ పొందిన ప్రతి ఒక్కరూ తీయడంలోనూ శిక్షణ పొందాలి. తీసే వసతి లేని కేంద్రంలో ఇంప్లాంట్ పెట్టడానికి అనుమతి ఇవ్వకండి. పాతకాలపు ఆరు కడ్డీల నార్‌ప్లాంట్‌ను ఇండోనేషియాలో లక్షలమందికి పెట్టారు. తీయించుకోవడానికి వెళ్తే తిప్పి పంపారన్న ఫిర్యాదులు అక్కడ ఏళ్ల తరబడి వచ్చాయి. కాపర్ టి విషయంలో మన దగ్గర ఇప్పుడే అది జరుగుతోంది. తీయమని వెళ్లిన ఒక పంతొమ్మిదేళ్ల అమ్మాయిని ఒక ఆసుపత్రిలో "భర్తను తీసుకురా" అన్నారు. మరోసారి వెళ్తే "ఏడాది కూడా కాలేదు, అలవాటు పడతావు" అన్నారు. చివరికి ఎవరో ఆర్ఎంపీ దారం పట్టి లాగాడు. దారం తెగి, కాపర్ టి లోపలే ఉండిపోయి మా దగ్గరికి వచ్చింది. ఆమె ఇక జన్మలో ఏ పద్ధతీ వాడనంది. వాళ్ల చెల్లెలు కూడా వాడదు, వాళ్ల వీధిలో ఎవరూ వాడరు. అడిగిన రోజే తీసి ఉంటే ఆమె మరో పద్ధతి అడిగి ఉండేది. అడిగితే తీసేస్తారన్న నమ్మకం ఉన్నచోటే ధైర్యంగా పెట్టించుకుంటారు. తీయడానికి కారణం చెప్పాల్సిన పని లేదు, భర్త అనుమతి అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు అని మీరొక సర్క్యులర్ ఇచ్చి ప్రతి కుటుంబ సంక్షేమ గది గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించండి.

ఒప్పుదల గురించి మన నేలకు పాత గాయాలున్నాయి. 1985లో హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగానికి ఆడవాళ్లను పిలిపించారు. అది ప్రయోగమని వాళ్లకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం కార్యకర్తలు వెళ్లి ఆ సంగతి బయటపెట్టి, 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. ఆ తర్వాత 2009లో ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ల గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు నడిచింది. వేల ఫారాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టారని పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013లో తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపుతుంది. ప్రాజెక్టు కాలంలో చనిపోయిన పిల్లల మరణాలకు టీకా కారణం కాదనే విచారణలో తేలింది. అయినా దాని పేరు చెబితే భయపడే పరిస్థితి ఏళ్ల తరబడి మిగిలిపోయింది. అడగకుండా ఇచ్చినందుకు మంచి టీకా కూడా ఆ మూల్యం చెల్లించింది. ఆశ్రమ పాఠశాలల్లో, సంక్షేమ హాస్టళ్లలో, వసతి గృహాల్లో ఉండే అమ్మాయిల విషయంలో మీ శాఖలు రెట్టింపు జాగ్రత్తగా ఉండాలని నేను గట్టిగా కోరేది అందుకే. ఏ వార్డెన్ సంతకంతోనూ ఏ అమ్మాయి ఒంట్లోనూ ఏదీ పెట్టకూడదు.

ఇక పద్దెనిమిది లోపు వాళ్ల సంగతి. పోక్సో చట్టం కింద పద్దెనిమిది లోపు లైంగిక సంబంధం నేరమే. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత పెళ్లయినా నేరమే. తెలిసిన డాక్టరు పోలీసులకు చెప్పకపోతే డాక్టరు మీద కేసు. దీంతో చాలామంది తోటివాళ్లు ఆ వయసు అమ్మాయిని చూడగానే పెద్దాసుపత్రికి రాసి పంపేస్తారు. ఆమె పెద్దాసుపత్రికి పోదు. మందుల షాపుకి పోయి కడుపు పోయే మాత్రలు కొనుక్కుంటుంది. రక్తం ఆగకపోతే అప్పుడు మా దగ్గరికి వస్తుంది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, గర్భస్రావం కోరి వచ్చిన మైనరు విషయంలో, ఆమె, ఆమె సంరక్షకులు అడిగితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదని చెప్పింది. గర్భం రాకుండా కాపాడమని వచ్చిన మైనరు విషయంలో మా బాధ్యత ఎంతవరకు, ఎవరికి ఎలా తెలియజేయాలి, ఆమె గుట్టు ఎలా కాపాడాలి అని న్యాయ సలహా తీసుకుని స్పష్టంగా రాసివ్వండి. డాక్టర్ల భయం తగ్గకుండా ఆ అమ్మాయి గది లోపలికి రాదు.

అదే సమయంలో ఇంకో ప్రమాదమూ ఉంది. పద్నాలుగేళ్ల పిల్లను ఒక మామయ్యో బాబాయో తీసుకొచ్చి "ఇంజెక్షన్ వేయండి" అంటే మనం ఇంజెక్షన్ గురించి కాదు, ఆ పిల్ల గురించి ఆలోచించాలి. మూడేళ్లు గర్భం రాకుండా చేసే కడ్డీ, ఆ పిల్ల మీద జరుగుతున్న దుర్మార్గం బయటపడకుండానూ చేయగలదు. అందుకే ఇరవై లోపు ప్రతి అమ్మాయితోనూ, పెళ్లయినా కాకపోయినా, వెంట వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టి పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలి. నీకు ఇది కావాలా? ఎవరైనా బలవంతం చేస్తున్నారా? ఇంట్లో భయం ఏమైనా ఉందా? ఈ మూడు ప్రశ్నలకు ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు, తలుపు ఉన్న గది కావాలి. చాలా పీహెచ్‌సీల్లో అదే లేదు. కర్టెన్ అవతల వరుసలో నిలబడ్డవాళ్లకు ప్రతి మాటా వినిపిస్తుంది. అలాగే ఈ పద్ధతుల్లో ఏదీ హెచ్ఐవీ నుంచి గానీ సుఖవ్యాధుల నుంచి గానీ కాపాడదని చెప్పి, కండోమ్‌లు చేతికివ్వడం కూడా అదే గదిలో జరగాలి.

ఈ మధ్య జనాభా తగ్గిపోతోందన్న ఆందోళన పాలకుల మాటల్లో వినిపిస్తోంది. ఆంధ్రప్రదేశ్ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన 2024లో ఎత్తేశారు. అది మంచి నిర్ణయమే, ఆ నిబంధన ఆడవాళ్లనే ఎక్కువ దెబ్బతీసింది. కానీ పిల్లల్ని ఎక్కువ కనండనే గాలి వీచినప్పుడు మొదట కోత పడేది పదిహేడేళ్ల అమ్మాయికి అందాల్సిన కాపర్ టి మీద, ఇంజెక్షన్ మీద కాకూడదు. జనాభా ఎక్కువైందన్నప్పుడు ఆమె ఒంట్లో పెట్టడం, తక్కువైందన్నప్పుడు ఇవ్వకపోవడం, రెండూ ఆమెను అడగకుండా చేసే పనులే.

కాబట్టి ఇంప్లాంట్లు మన జిల్లాలన్నింటికీ చేరేలోపే ఈ పనులు పూర్తి చేయమని కోరుతున్నాను. గర్భిణీ పరీక్షల్లోనే మాట్లాడి, అమ్మాయి ఏమందో తల్లీబిడ్డల కార్డులో తేదీతో సహా రాయాలి. అలా రాసి లేకపోతే లేబర్ రూమ్‌లో అప్పటికప్పుడు అడిగి పెట్టకూడదు. నెలసరిలో మార్పులు, ఎప్పుడు తిరిగి రావాలి, ఎక్కడ తీయించుకోవచ్చు అనేవి తేలిక తెలుగులో, గోండి, కోయ మాట్లాడే చోట్ల వాళ్ల భాషలో నోటితో చెప్పి, కాగితం ఇవ్వాలి. కౌన్సెలింగ్‌కి, తీయడానికి కూడా ప్రోత్సాహకం ఉండాలి. నెలవారీ నివేదికలో "ఎన్ని పెట్టారు" పక్కనే "ఎన్ని తీశారు, అడిగిన ఎన్ని రోజులకు తీశారు, ఎంతమందిని తిప్పి పంపారు" అనే గడులు చేర్చాలి. ఇరవై లోపు అమ్మాయిల లెక్క విడిగా చూపాలి. ఆ నివేదికను జిల్లాలవారీగా ప్రజలకు అందుబాటులో పెట్టాలి. శిక్షణ ఇవ్వడానికి, ఆ కాగితం రాసిపెట్టడానికి నాలాంటి డాక్టర్లు, నర్సులు సిద్ధంగా ఉన్నారు. మీరు పిలిస్తే వస్తాం.

ఇట్లు,
ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేస్తున్న ఒక ప్రసూతి వైద్యురాలు